మంచు హాకీ నేర్చుకొనే బాలలకు స్కేట్లు, రక్షణ సాధనాలు

శీతల దేశాలలో చలికాలమంతా చెరువులు, కాలువలు గడ్డకట్టి ఉంటాయి. ఆ గడ్డపై జారుతూ ప్రయాణించటం అక్కడివారికి చాలా ప్రాచీనకాలం నుండి తెలిసిన విద్య. ఉత్తర ఐరోపా ప్రజలు తొలుత జంతువుల ఎముకలను నునుపుచేసి పాదాలకు కట్టుకొనేవారు. తరువాత ఎముక స్థానంలో ఇనుము, ఇనుము స్థానంలో ఉక్కు వచ్చినవి. 1875 మార్చి 3వ తేదీన కెనడా దేశంలోని మాంట్రియల్ నగరంలో, విక్టోరియా స్కేటింగ్ రింక్ అనే భవనంలో, జేమ్స్ క్రైటన్ అనే వ్యక్తి పూనికతో జట్టుకు తొమ్మిదిమంది చొప్పున మంచు హాకీ ఆడినారు. నేటి మంచు హాకీ చరిత్రను సాధారణంగా ఆనాటి ఆటతోనే ప్రారంభిస్తారు.

ఈ ఆట కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా మొదలైన దేశాలలో బహుళ ప్రచారంలో ఉన్నది. మన దేశంలో దీనికి ముఖ్యస్థానం లదాఖ్. అక్కడ చలికాలంలో సహజంగా గడ్డకట్టిన నీటిపైనే పిల్లలు ఆడుతారు. 2025లో జరిగిన ఆసియా కప్ పోటీలలో భారత మహిళల జట్టు కాంస్య పతకం గెలుచుకొన్నది. కెనడా, అమెరికా దేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు కూడ ఈ ఆట పాఠశాలలోనో ఇరుగుపొరుగునో ఎదురుపడుతుంది. పన్నెండు, పదమూడేళ్ళ బాలుడో బాలికో ఆట నేర్చుకొంటానన్నప్పుడు ఇంటిలో పుట్టే మొదటి ప్రశ్న, ఏ సామగ్రి కొనవలెను అన్నది. మంచు హాకీ సామగ్రి ఖరీదైనది. పిల్లలు పెరిగే వయస్సులో ఉంటారు గనుక, కాస్త పెద్దవి కొంటే రెండేళ్ళు వస్తవి గదా అని తల్లిదండ్రులు తలచటం సహజం. అయితే స్కేట్ల విషయంలో ఈ పొదుపు పనికిరాదు. ఎందుకు పనికిరాదో తెలియవలెనంటే మంచు స్వభావాన్ని, ఉక్కు బ్లేడు పనిచేసే తీరును కొంత తెలుసుకోవలెను.

మంచుపై జారటం ఎట్లా సాధ్యం?

మంచుగడ్డ ఘన పదార్థం. రాయి, కొయ్య కూడ ఘన పదార్థాలే. కాని వాటిపై నిలిచినవాడు జారడు, మంచుపై నిలిచినవాడు జారుతాడు. దీనికి కారణం పీడనమని చాలాకాలం చెప్పేవారు. మంచుపై పీడనం పెరిగితే దాని ద్రవీభవనస్థానం తగ్గుతుంది. జేమ్స్ థామ్సన్ ఈ సంగతిని 1849లో సిద్ధాంతరీత్యా నిరూపించినాడు. తరువాత కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధికెక్కిన అతని తమ్ముడు విలియం థామ్సన్ మరుసటి సంవత్సరం ప్రయోగం చేసి నిర్ధారించినాడు. బ్లేడు కింద పీడనం అధికమై మంచు కరుగుతుందని, ఆ నీటి పొరపై మనిషి జారుతాడని 1886లో జాన్ జోలీ అనే ఐరిష్ శాస్త్రజ్ఞుడు వివరించినాడు.

ఈ వివరణ ఎంతవరకు సరిపోతుందో ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. 50 కిలోల బాలుడు ఒంటి కాలిపై జారుతున్నాడనుకొందాము. బ్లేడు మందం సుమారు 3 మి.మీ. మంచును తాకే భాగం పొడవు 6 సెం.మీ. అనుకొంటే, తాకే వైశాల్యం 1.8 చదరపు సెం.మీ. అప్పుడు పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 28 కిలోలు, అనగా దాదాపు 27 వాతావరణాలు. ఒక్కొక్క వాతావరణ పీడనానికి మంచు ద్రవీభవనస్థానం సుమారు 0.0074 డిగ్రీలు మాత్రమే తగ్గుతుంది. మొత్తంమీద తగ్గేది 0.2 డిగ్రీలు. హాకీ ఆడే రింకులో మంచును సున్నాకు దిగువ 5 లేక 6 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ఉంచుతారు. కనుక కేవలం పీడనం వల్ల ఆ మంచు కరగటం అసంభవం.

1939లో బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి, జారేటప్పుడు ఘర్షణవల్ల పుట్టే వేడి మంచు ఉపరితలాన్ని కరగిస్తుందని చూపినారు. అంతకు చాలా ముందే, 1850లో, మైకేల్ ఫారడే మరొక సంగతి గుర్తించినాడు. రెండు మంచుముక్కలను ఒకదానికొకటి తాకిస్తే అవి అతుక్కొంటాయి. మంచు ఉపరితలంపై నీటివంటి పలుచని పొర ఎల్లప్పుడు ఉంటుందనటానికి ఆయన దీనిని నిదర్శనంగా చూపినాడు. లోపలి నీటి అణువులు నాలుగు వైపులా తోటి అణువులతో బంధించబడి ఉంటాయి. ఉపరితలంలోని అణువులకు పైన తోడు లేదు. అందుచేత అవి వదులుగా ఉండి సులభంగా కదులుతాయి. ఈ వదులు పొర, దానికి తోడు ఘర్షణ వేడి, ఈ రెండును జారుడుకు ముఖ్య కారణాలని నేటి శాస్త్రజ్ఞులు భావిస్తారు. పీడనం పాత్ర స్వల్పం.

బ్లేడుకు రెండు అంచులు

జారటం ఒక్కటే అయితే నున్నని ఇనుప కమ్మీ చాలును. ఆటగాడు ముందుకు పోవలెను, మలుపు తిరుగవలెను, ఆగవలెను. ఇందుకు మంచును పట్టుకొనే గుణం కూడ బ్లేడుకు ఉండవలెను. పొడవున జారటం, అడ్డంగా పట్టుకోవటం అనే ఈ రెండు విరుద్ధ గుణాలను బ్లేడు అడుగున తీసిన గాడి సమకూరుస్తుంది. బ్లేడు అడుగుభాగం చదునుగా ఉండదు. సానరాతితో నిడివి పొడవునా పుటాకారంగా గాడి తీస్తారు. దానివల్ల బ్లేడుకు లోపలివైపు ఒకటి, వెలుపలివైపు ఒకటి, రెండు పదునైన అంచులు ఏర్పడుతాయి. ఆటగాడు పాదాన్ని పక్కకు వంచినప్పుడు ఒక అంచు మంచులోకి దిగి నిలుస్తుంది. ఆ ఆధారంతో పక్కకు నెట్టినప్పుడు శరీరం ముందుకు పోతుంది.

ఈ గాడి ఎంత లోతో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సాన పట్టేవారు గాడిని దాని వృత్త వ్యాసార్ధంతో పేర్కొంటారు. అర అంగుళం, అనగా 12.7 మి.మీ., వ్యాసార్ధం సర్వసాధారణమైనది. 3 మి.మీ. మందంగల బ్లేడులో ఈ గాడి లోతు 0.09 మి.మీ. మాత్రమే, అనగా ఒక కాగితం మందానికి మించదు. ముప్పాతిక అంగుళం వ్యాసార్ధమైతే లోతు 0.06 మి.మీ. అంగుళంలో మూడు ఎనిమిదో వంతులైతే 0.12 మి.మీ. వ్యాసార్ధం తగ్గినకొద్దీ గాడి లోతవుతుంది, అంచులు మంచును గట్టిగా పట్టుకొంటాయి. కాని పట్టు హెచ్చినకొద్దీ జారుడు తగ్గుతుంది, అడ్డంగా గీరుతూ ఆగటం కష్టమవుతుంది. కొత్తగా నేర్చుకొనేవారికి అర అంగుళం గాడితో ప్రారంభించటం మేలు. పది పన్నెండుసార్లు మంచుపైకి వెళ్ళిన తరువాత, ఆగటానికి ఇబ్బందిగా ఉన్నదా, మలుపులో జారిపోతున్నదా అని గమనించి దానికి తగినట్లు మార్పు చేయించుకోవచ్చు.

బ్లేడు పొడవున కూడ సూటిగా ఉండదు. ముందు, వెనుక కొద్దిగా పైకి లేచి ఉంటుంది. ఈ వంపు 9 మొదలు 11 అడుగుల వ్యాసార్ధంగల వృత్తంలో భాగంగా ఉండటం సాధారణం. వ్యాసార్ధం పెద్దదైతే మంచును తాకే పొడవు హెచ్చి నిలకడ కలుగుతుంది. చిన్నదైతే చురుకుగా మలుపు తిరుగవచ్చు. ప్రారంభదశలో దుకాణంలో వచ్చిన వంపును మార్చవలసిన పనిలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కొత్త స్కేట్లు సాధారణంగా సాన పట్టకుండానే వస్తాయి. చూడటానికి మెరుస్తూ ఉన్నా వాటికి పనికివచ్చే అంచులు ఉండవు. సాన పట్టించకుండా మంచుపైకి వెళ్ళిన పిల్లవాడు మొదటి అడుగులోనే పక్కకు జారి పడతాడు, తనకు ఆట రాదని నిరాశ చెందుతాడు. లోపం అతనిది కాదు, బ్లేడుది.

బూటు కొలత

స్కేటింగ్ బూటు నడక బూటు వంటిది కాదు. నడిచేటప్పుడు పాదం వంగవలెను గనుక నడక బూటులో కొంత ఖాళీ అవసరం. స్కేటింగ్ బూటు పని వేరు. చీలమండ ఏ కొంచెం కదిలినా ఆ కదలికను అట్లాగే బ్లేడుకు అందజేయటం దాని పని. పాదానికి, బూటుకు మధ్య సందు ఉంటే ముందు పాదం కదులుతుంది, సందు పూడిన తరువాతగాని బూటు కదలదు. ఆ ఆలస్యంలోనే ఆటగాడు పట్టు తప్పుతాడు.

అందుచేత స్కేట్ల సంఖ్య సాధారణ బూట్ల సంఖ్య కంటే ఒకటి లేక ఒకటిన్నర తక్కువ ఉండటం మామూలు. ఇది స్థూలమైన అంచనా మాత్రమే. ఒక్కొక్క తయారీదారు కొలత ఒక్కొక్క తీరుగా ఉంటుంది. కనుక బాలుని దుకాణానికి తీసుకొనిపోయి, నిలబెట్టి, రెండు పాదాలనూ పొడవు, వెడల్పు కొలిపించవలెను. రెండు పాదాలు సమానంగా ఉండకపోవచ్చు. పెద్ద పాదాన్ని బట్టి ఎన్నుకోవలెను. ఆటలో వేసుకొనే పలుచని మేజోళ్ళనే ఒక జత వేసుకొని పరీక్షించవలెను. మందమైన మేజోళ్ళు, రెండు జతల మేజోళ్ళు వదులు బూటును కప్పిపుచ్చుతాయే గాని సరిచేయవు.

సరియైన కొలతను గుర్తించే పరీక్షలు కొన్ని ఉన్నవి.

మొదటిది వేళ్ళ పరీక్ష. లేసు కట్టి నిటారుగా నిలిచినప్పుడు కాలివేళ్ళ చివరలు బూటు ముందుభాగాన్ని కొద్దిగా తాకవలెను, ముడుచుకోరాదు. మోకాళ్ళు వంచి ఆటగాని భంగిమలో నిలిచినప్పుడు మడమ వెనుకకు పోయి వేళ్ళు ముందుభాగం నుండి విడిపోవలెను.

రెండవది మడమ పరీక్ష. లేసు వదులుచేసి, పాదాన్ని వీలైనంత ముందుకు నెట్టి, మడమ వెనుక వేలు పెట్టి చూడవలెను. ఒక వేలు పట్టటమే కష్టంగా ఉంటే కొలత సరిపోయినట్లు. రెండు వేళ్ళు సులభంగా పట్టితే బూటు పెద్దది. లేసు కట్టిన తరువాత మునివేళ్ళపై లేచినప్పుడు మడమ బూటులోపల పైకి లేవరాదు.

మూడవది లోతు పరీక్ష. లేసు వదులుచేసి, బూటు నాలుకను ముందుకు లాగి, పైనుండి మూడవ జత లేసు రంధ్రాల మీద అడ్డంగా ఒక పెన్సిలు ఉంచవలెను. పెన్సిలు పాదాన్ని తాకకుండా రెండు అంచులపైనా నిలిస్తే బూటు లోతు చాలినట్లు. పాదం తగిలి పెన్సిలు పైకి లేస్తే ఆ బూటు ఆ పాదానికి లోతు చాలదు. అట్టి బూటులో లేసు బిగించినకొద్దీ పాదంపై నొప్పి కలుగుతుంది.

ఈ పరీక్షలైన తరువాత కనీసం పదిహేను నిమిషాలసేపు బూట్లు వేసుకొని కూర్చుండి, లేచి నిలిచి చూడవలెను. తీసిన తరువాత పాదంపై ఒకేచోట ఎర్రని మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి ఉన్నదని అర్థం. బూటంతటా సమంగా బిగువు ఉండటం మంచిదే. ఒకచోట మాత్రమే నొప్పి ఉండటం మంచిది కాదు.

నేటి బూట్లలో చాలావాటిని వేడిచేసి పాదానికి అనుగుణంగా మలచవచ్చు. దుకాణంలోని ప్రత్యేకమైన పొయ్యిలో సుమారు 80 డిగ్రీల వేడిలో కొద్ది నిమిషాలు ఉంచి, మెత్తబడిన తరువాత పాదానికి తొడిగి, లేసు కట్టి, చల్లబడేవరకు కదలకుండా కూర్చుండబెడతారు. ఆ సమయంలో నిలబడితే ఆకారం చెడుతుంది. ఆనాడే మంచుపైకి వెళ్ళరాదు. ఈ విధానం బూటును పాదం ఒంపులకు సరిపరచగలదే గాని, పెద్ద బూటును చిన్నదిగా చేయలేదు. తయారీదారు అనుమతించని బూటును ఇంటి పొయ్యిలో వేడిచేయటం ప్రమాదకరం.

బూటు గట్టిదనాన్ని కూడ గమనించవలెను. మిక్కిలి ఖరీదైన బూట్లు బలిష్ఠులైన ఆటగాండ్రకోసం చాలా బిరుసుగా తయారుచేస్తారు. 40, 50 కిలోల బాలుడు వాటిని ముందుకు వంచలేడు. మోకాలు వంగకపోతే స్కేటింగ్ అసలే రాదు. మిక్కిలి చౌకవి చీలమండవద్ద కాగితపు డబ్బావలె నలుగుతాయి. రెండు చేతులతో చీలమండ భాగాన్ని లోపలికి నొక్కినప్పుడు కొద్దిగా మాత్రమే లొంగే మధ్యరకం బూటు ప్రారంభకులకు తగినది.

పెరిగే పాదం, వదులు బూటు

పెద్ద బూటు కొంటే కలిగే నష్టం ఏమిటి? చీలమండ మంచుపై పలు సెంటీమీటర్ల ఎత్తున, 3 మి.మీ. మందంగల బ్లేడు మీద నిలుస్తుంది. శరీరపు బరువు సరిగా బ్లేడు మీదుగా మంచుకు చేరినంతసేపు కండరాలకు శ్రమ ఉండదు. వదులు బూటులో పాదం లోపలికి ఒరిగి, బరువు రేఖ ఒక్క సెంటీమీటరు పక్కకు తప్పితే, 50 కిలోల బాలుని చీలమండపై 50 కిలో-సెంటీమీటర్ల తిప్పుడు బలం పడుతుంది. దానిని ఆపవలసినది కాలి కండరాలే. పది నిమిషాలలో అవి అలసిపోతాయి, చీలమండలు లోపలికి కూలిపోతాయి. ఇది చూసినవారు బాలుని చీలమండలు బలహీనమని అంటారు. పెక్కుసార్లు చీలమండలలో దోషం ఉండదు, బూటు పెద్దదై ఉంటుంది. బాలుడు ఆ వదులును సరిచేయటానికి లేసును అతిగా బిగిస్తాడు. దానివల్ల పాదంలో రక్తప్రసారం తగ్గి తిమ్మిరి, చలి కలుగుతాయి. చివరకు ఆట అంటేనే విసుగు పుడుతుంది.

పెరుగుదలకు విడువదగిన సందు ఎంత? అర సంఖ్యకు మించరాదని అనుభవజ్ఞులు చెబుతారు. ఇక్కడ శరీరశాస్త్రం కొంత ఊరట కలిగిస్తుంది. పాదం పెరుగుదల ఎత్తు పెరుగుదల కంటే ముందే ఆగుతుంది. ఆడపిల్లలలో సుమారు 13, మగపిల్లలలో సుమారు 15 ఏళ్ళ ప్రాంతంలో పాదం దాదాపు పూర్తి పొడవుకు చేరుతుంది. కనుక పదిహేనేళ్ళు దాటినవారికి కొన్న మంచి స్కేట్లు చాలాకాలం వస్తాయి. పదకొండు, పన్నెండేళ్ళవారికి మాత్రం ఏడాదికి ఒక జత అవసరం కావచ్చు. వీరికి కొత్త జత పెద్దది కొనటం కంటే, సరిపోయే పాత జత తక్కువ ధరకు కొనటం మేలు. పిల్లలు పెరిగి విడిచిన స్కేట్లు మార్పిడిచేసే ఏర్పాట్లు ఆ దేశాలలో అనేక ఊళ్ళలో ఉన్నవి. పాత జత కొనేటప్పుడు చీలమండ భాగం నలిగిపోలేదని, బ్లేడులో సాన పట్టటానికి తగినంత ఉక్కు మిగిలి ఉన్నదని, బ్లేడును పట్టే భాగంలో బీటలు లేవని చూసుకోవలెను.

తల, ముఖం

మంచు గట్టిది, దానిపై వేగం హెచ్చు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతూ గోడకు గుద్దుకోవటం, సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తునుండి పడటంతో సమానం. ఆ వేగంలో తల 2 మి.మీ. దూరంలో ఆగితే దానిపై సగటున భూమ్యాకర్షణకు దాదాపు 800 రెట్లు త్వరణం కలుగుతుంది. 2 సెంటీమీటర్ల దూరంలో ఆగితే 80 రెట్లే. ఆగే దూరం పది రెట్లయితే బలం పదో వంతవుతుంది. హెల్మెట్ లోపలి మెత్త నలిగి ఆ దూరాన్ని సమకూరుస్తుంది. పైనున్న గట్టి పెంకు ఆ బలాన్ని విశాలంగా పంచుతుంది.

ఈ సత్యం ఆటలోకి రావటానికి చాలాకాలం పట్టినది. 1968 జనవరిలో అమెరికాలోని మిన్నెసోటా జట్టుకు చెందిన బిల్ మాస్టర్టన్ హెల్మెట్ లేకుండా ఆడుతూ వెనుకకు పడి, తలకు దెబ్బతగిలి రెండు రోజులకు మరణించినాడు. అయినప్పటికీ జాతీయ హాకీ లీగులో కొత్తగా చేరే ఆటగాండ్రకు హెల్మెట్ నిర్బంధం చేసినది 1979లోనే.

హెల్మెట్ కనుబొమలకు ఒక వేలు వెడల్పు పైన సమంగా కూర్చుండవలెను. తల ఊపినప్పుడు కదలరాదు. గడ్డం పట్టీ కట్టిన తరువాత దాని కింద ఒక వేలు మాత్రమే దూరవలెను. కెనడాలో ప్రమాణ సంస్థయైన సి.ఎస్.ఎ. ముద్ర, అమెరికాలో హెచ్.ఇ.సి.సి. ముద్ర ఉన్న హెల్మెట్లనే ఎన్నుకోవలెను. హెచ్.ఇ.సి.సి. ముద్ర తయారైన నాటినుండి ఆరున్నర సంవత్సరాల వరకే చెల్లుతుంది. కనుక పాతది కొనేటప్పుడు ఆ తేదీ చూడవలెను. పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నట్లు కనిపించినా లోపలి మెత్త శక్తి తగ్గి ఉండవచ్చును. హెల్మెట్ పుర్రె పగుళ్ళను చాలావరకు నివారిస్తుంది. మెదడు అదరటాన్ని పూర్తిగా నివారించే హెల్మెట్ మాత్రం లేదు. తలకు దెబ్బ తగిలి తలనొప్పి, మైకం, వాంతి, మతిమరపు కలిగితే వెంటనే ఆట మానిపించి వైద్యునికి చూపవలెను.

ముఖానికి ఉక్కుతీగల జాలీగాని పారదర్శక కవచంగాని పూర్తిగా ఉండవలెను. మంచు హాకీలో వాడే పక్ అనే బిళ్ళ గట్టి రబ్బరుతో తయారైనది. దాని వ్యాసం 3 అంగుళాలు, మందం 1 అంగుళం, బరువు 156 మొదలు 170 గ్రాములు. అది గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చి కంటికి తగిలితే చూపు పోవటానికి అవకాశమున్నది. 1970 ప్రాంతాలలో టొరంటో నగర నేత్రవైద్యుడు టామ్ పాష్‌బీ హాకీలో కన్ను పోగొట్టుకొన్నవారి వివరాలు సేకరించి, ముఖకవచానికి ప్రమాణాలు ఏర్పడేటట్లు కృషిచేసినాడు. బాలుర ఆటలో పూర్తి ముఖకవచం నిర్బంధమైన తరువాత ఇట్టి అంధత్వం దాదాపు మాయమైనది. పంటికి రక్షణగా నోటి తొడుగు కూడ ధరించవలెను.

మెడ

2023 అక్టోబరు 28న ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో జరిగిన ఆటలో ఆడమ్ జాన్సన్ అనే ఆటగాని మెడకు మరొకరి స్కేటు బ్లేడు తగిలి అతడు మరణించినాడు. ఆ తరువాత అంతర్జాతీయ మంచు హాకీ సమాఖ్య తన పోటీలన్నిటిలో మెడరక్షకం నిర్బంధం చేసినది. అమెరికాలో 2024 ఆగస్టు నుండి బాలురందరికి అది తప్పనిసరి. కెనడా బాలుర హాకీలో అంతకుముందు నుండే నియమం ఉన్నది. కోతను తట్టుకొనే ప్రత్యేకమైన పోగులతో నేసిన ఈ పట్టీ ఖరీదు తక్కువ. దీనిని విడువటంలో పొదుపు లేదు. మణికట్టుకు, చీలమండ వెనుకనున్న నరానికి కూడ ఇట్టి గుడ్డతో చేసిన తొడుగులు దొరుకుతాయి.

ఒంటికి ధరించే కవచాలు

ముంగాలి కవచం కొలత అంగుళాలలో చెబుతారు. మోకాలి చిప్ప నడుమనుండి స్కేటు బూటు పైఅంచు వరకు కొలవవలెను. కవచంలోని గుంటలో మోకాలి చిప్ప సరిగా అమరవలెను. హాకీ నిక్కరు పొడవు మోకాలి కవచం పైఅంచును కప్పవలెను. భుజకవచం, మోచేతి కవచం, చేతి తొడుగులు ఒకదానికొకటి దాదాపు తాకేటట్లుండవలెను. గజ్జల రక్షకం బాలురకు, బాలికలకు వేర్వేరుగా ఉంటుంది.

ఇక్కడ పాటించవలసిన సూత్రం ఒక్కటే. కవచాల మధ్య సందు ఉండరాదు, కీళ్ళ కదలికకు ఆటంకమూ ఉండరాదు. అన్నీ ధరించి కూర్చుండి, లేచి, చేతులు పైకెత్తి, వంగి చూస్తే ఈ రెండు విషయాలు తేలుతాయి. పెద్ద కవచం కదలి పక్కకు జరుగుతుంది గనుక దెబ్బ తగిలే సమయానికి ఉండవలసిన చోట ఉండదు.

కర్ర

కర్ర పొడవు మంచుపై స్కేట్లతో నిలిచినప్పుడు గడ్డంవరకు, చెప్పులు లేకుండా నేలపై నిలిచినప్పుడు ముక్కువరకు రావటం సామాన్య నియమం. నేటి కర్రలపై ఒక సంఖ్య ముద్రిస్తారు. కర్ర మధ్యభాగాన్ని ఒక అంగుళం వంచటానికి కావలసిన బలం ఎన్ని పౌన్లో ఆ సంఖ్య తెలుపుతుంది. ఆటగాని బరువును పౌన్లలో తీసుకొని సగం చేస్తే సుమారు తగిన సంఖ్య వస్తుంది. 50 కిలోలు అనగా 110 పౌన్లు గనుక అట్టి బాలునికి 55 సంఖ్యగల కర్ర సరిపోతుంది. పెద్దవారి కర్రను కోసి పొట్టిచేసి పిల్లలకివ్వటం మంచిది కాదు. పొట్టి అయినకొద్దీ కర్ర మరింత బిరుసెక్కుతుంది. వంగని కర్రతో కొట్టిన పక్ వేగం అందుకోదు.

ఏ చేతివాటం కర్ర కొనవలెనన్నది మరొక ప్రశ్న. కుడిచేతివాటంవారు కుడివైపు కర్రనే ఎన్నుకోవలెననే నియమం లేదు. కర్ర పైకొనను పట్టిన చేయి దానిని నడిపిస్తుంది గనుక బలమైన చేతిని పైన ఉంచవలెనని పలువురు శిక్షకులు చెబుతారు. బాలుని చేతికి చీపురుకట్ట ఇచ్చి ఊడ్చమంటే ఏ చేయి పైన పెడతాడో తెలిసిపోతుంది.

ఖర్చు, సంరక్షణ

డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ముందుగా ఖర్చు పెట్టవలసినవి రెండు. ఒకటి సరిగా సరిపోయే స్కేట్లు, రెండవది ముఖకవచంతో కూడిన హెల్మెట్. హెల్మెట్ కొత్తదిగా కొనటం ఉత్తమం. మెడరక్షకం, నోటి తొడుగు, గజ్జల రక్షకం కూడ కొత్తవే కొనవలెను. వాటి వెల స్వల్పం. భుజకవచం, మోచేతి కవచం, ముంగాలి కవచం, నిక్కరు పాతవైనా పట్టీలు, మెత్తలు బాగుంటే పనికివస్తాయి. కర్ర విషయంలో ఖరీదైనది ప్రారంభదశలో అనవసరం.

ఆట ముగిసిన వెంటనే బ్లేడును పొడిగుడ్డతో తుడవవలెను. బ్లేడుకు తొడిగే గట్టి తొడుగు నడిచేటప్పుడు మాత్రమే వాడవలెను. అది తొడిగి సంచిలో పెడితే తేమ నిలిచి తుప్పు పడుతుంది. దాచేటప్పుడు తేమ పీల్చే మెత్తని గుడ్డ తొడుగు వాడవలెను. సిమెంటు నేలపై నాలుగడుగులు వేస్తే చాలు, కాగితం మందంగల ఆ గాడి అంచులు చెడిపోతాయి. సాన పట్టించిన తరువాత రెండు అంచులు సమాన ఎత్తులో ఉన్నవో లేదో చూడవలెను. బ్లేడుపై ఒక చిన్న సూటి కమ్మీని అడ్డంగా ఉంచితే ఎగుడుదిగుడులు కనిపిస్తాయి. కవచాలన్నిటిని సంచినుండి తీసి గాలికి ఆరవేయవలెను. తడిలో సూక్ష్మజీవులు పెరిగి దుర్వాసన, చర్మవ్యాధులు కలిగిస్తాయి.

సామగ్రి ఎన్నికలో ధర, అందం, పేరు తరువాతి విషయాలు. బాలుని పాదానికి, తలకు, బరువుకు ఈనాడు సరిపోతున్నదా అన్నదే మొదట అడుగవలసిన ప్రశ్న. రాబోయే సంవత్సరపు పాదానికి కొన్న స్కేట్లు ఈ సంవత్సరం ఆట నేర్పలేవు.